ఎండలు ముదిరితే కొండదారులు మూసెయ్యాలా, నిప్పును ఆపితే చాలదా?

పాత బూట్లు:
నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్తే దారి మొదట్లోనే గొలుసు కట్టి ఉంది. పక్కన బోర్డు: ‘కార్చిచ్చు ముప్పు. వానలు పడేవరకు ప్రవేశం లేదు.’ గడ్డి ఎండిపోయి ఉన్న మాట నిజమే, కాదనను. కానీ నా సంచిలో అగ్గిపెట్టె కూడా లేదు. రెండు రోజులకు సరిపడా పొడి తిండి, నీళ్లు, చిన్న టెంటు, అంతే. నేను నడిచినంత మాత్రాన అడవి అంటుకుంటుందా?

నా వాదన ఇది. నిషేధించాల్సింది నిప్పును, నడకను కాదు. స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ జాతీయ ఉద్యానం చేసింది అదే. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు నెగళ్లు, బార్బెక్యూలు కూడదని ఉపచట్టం తెచ్చుకుంది, నడిచేవాళ్లను మాత్రం ఆపలేదు. అక్కడ 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా కొండల మీద తిరగడం అందరికీ ఉన్న హక్కు. మిగతాచోట్ల ఇది ఎందుకు కుదరదు? ఎవరో సిగరెట్టు పీక విసిరేశాడని అందరి కాళ్లకూ గొలుసు వేస్తే ఎలా?

బీటు కావలి:
పాత బూట్లు గారూ, మీ సంచిలో అగ్గిపెట్టె లేదన్న సంగతి గొలుసు కట్టినవారికి ఎలా తెలుస్తుంది? సరే, అది చిన్న విషయం. మీరు నిప్పు పెడతారన్న అనుమానం ఒక్కటే దారి మూయడానికి కారణం కాదు. వేరెవరో పెట్టిన నిప్పులో మీరు చిక్కుకుంటారన్న భయం అంతకంటే పెద్దది.

ఆరు వేసవులు అడవిలో మంటల కాపలా పని చేశాను. కొత్తగా చేరినవారికి మొదటి రోజే చెప్పేవాళ్లం, మంట కింద ఉన్నప్పుడు పైకి పరుగెత్తవద్దని. వాలు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఎగువకు పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. అంటే ఇరవై డిగ్రీల చరియ మీద చదునైన నేల కంటే నాలుగింతలు. మంట చరియ వైపు వాలి, ముందున్న గడ్డిని ముట్టుకోకముందే వేడి చేసి సిద్ధం చేసుకుంటుంది. మనిషికేమో ఎక్కేకొద్దీ ఆయాసం. ఇరుకు లోయ అయితే పొగగొట్టంలా మంటను పైకి లాగుతుంది.

2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో గుర్తుందా? ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు మంటల్లో చిక్కుకున్నారు, 23 మంది చనిపోయారు. నిప్పు ఎవరి వల్ల పుట్టిందన్నది పక్కన పెట్టండి. ఆ రోజు ఆ ఎండుగడ్డి చరియల మీద అంతమంది లేకపోయి ఉంటే? నన్ను అడిగితే ఆ గొలుసును రెండు వరుసలు కట్టమంటాను.

చెట్టుకొమ్మ:
నెగడు లేని క్యాంపు కూడా ఒక క్యాంపేనా? చలికి చేతులు కాచుకోకుండా, నాలుగు పాటలు పాడుకోకుండా అక్కడికి వెళ్లి ఏం చేస్తారు?

లెక్కల మనిషి:
నక్షత్రాలు చూస్తారు చెట్టుకొమ్మ గారూ. నెగడు వెలుగులో అవి కనబడవు.

ఇక అసలు చర్చకు వస్తే, అమెరికాలో అడవుల్లో రేగే మంటల్లో దాదాపు 85 శాతం మనుషుల వల్లేనని అక్కడి జాతీయ ఉద్యానాల సంస్థ చెబుతుంది. ఈ అంకెను రెండు పక్షాలూ తమకు నచ్చినట్టు వాడుకుంటాయి కాబట్టి ముందే ఒక మాట. ‘మనుషుల వల్ల’ అంటే క్యాంపు వేసినవారి వల్ల అని కాదు. కరెంటు తీగలు, చెత్త తగలబెట్టడం, యంత్రాల నుంచి లేచే రవ్వలు, కావాలని పెట్టేవి, అన్నీ అందులోనే. కాబట్టి ట్రెక్కింగ్ చేసేవారే అడవులు కాల్చేస్తున్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయినా పాత బూట్లు గారి వాదన నాకు సగమే నచ్చింది. చిలీలోని టోరెస్ డెల్ పైనే జాతీయ ఉద్యానం చూడండి. 2005లో ఒక పర్యాటకుడు అనుమతి లేని చోట టెంటు వేశాడు, అతని వంట స్టవ్ నుంచి మంట లేచింది. 2011 డిసెంబరులో మరొకరు టాయిలెట్ కాగితం కాల్చారు, అది 17 వేల హెక్టార్లకు పైగా తినేసింది. ఈ రెండోవారికి అడవిలో చెత్త వదలకూడదన్న మంచి ఉద్దేశమే ఉండి ఉండవచ్చు! అమెరికాలోని ఒరెగాన్‌లో 2017 సెప్టెంబరు 2న ఒక పదిహేనేళ్ల అబ్బాయి ఈగిల్ క్రీక్ లోయలోకి టపాకాయ విసిరాడు. దాంతో మంట లేచి, నడకకు వచ్చిన సుమారు 150 మంది ఆ రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. ఆ లోయ దారి మళ్లీ తెరవడానికి మూడేళ్లకు పైగా పట్టింది. వీరిలో ఒక్కరైనా ‘నేను అడవిని తగలబెడతాను’ అని బయలుదేరారా? నిప్పు వద్దని బోర్డు పెడితే కాగితం కాల్చేవాడు అది తనకు కాదనుకుంటాడు.

నీటిబుడ్డి:
చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక వాగు పక్కన రాత్రి నెగడు వేశాం. చుట్టూ రాళ్లు పేర్చాం, జాగ్రత్త తెలిసినవాళ్లమే అన్నమాట. పొద్దున బూడిద తెల్లగా ఉంది. దాని మీద రెండు దోసిళ్ల మట్టి పోసి, బూటుతో తొక్కి, పని అయిపోయిందనుకుని పైకి వెళ్లిపోయాం. నివురుగప్పిన నిప్పు అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ నివురు మీద మట్టి కూడా కప్పి వచ్చింది నేనే.

మర్నాడు అదే దారిన దిగుతుంటే నెగడు వేసిన చోట ఏమీ లేదు. దానికి రెండు అడుగుల అవతల, ఒక పొద మొదట్లో, దారపు పోగంత సన్నని పొగ. పుల్లతో తవ్వితే చిటికెన వేలంత లావు వేరు, అగరువత్తి కొసలా ఎర్రగా. వేరు వెంబడే నిప్పు నేల కింద పాకింది. ఉన్న నీళ్ల సీసాలు రెండూ పోశాను. బుస్సుమంది, ఆవిరి లేచింది, కాసేపటికి మళ్లీ పొగ. చివరికి వేరు నరికి బయటికి లాగి, వాగు నుంచి తొమ్మిది సార్లు నీళ్లు మోసి పోశాం. ఆ రోజు గాలి లేదు, అంతే. మా తెలివి ఏమీ లేదు.

నెగడును మట్టితో ఆర్పకండి. నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, చివరికి చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆరనట్టే. నేనైతే వెయ్యడమే మానేశాను.

తొలకరి:
నేను దారి చూపేవాడిని, ఇదే నా జీవనం. మూసేసిన నెలలో మా ఇంటికి రాబడి ఉండదు. అది పక్కన పెట్టినా, అసలు దారులు మూస్తే కొండ క్షేమంగా ఉంటుందన్న నమ్మకమే నాకు లేదు. దారి తెరిచి ఉంటే పేరు, ఫోను నంబరు రాసి వెళ్తారు. మాలాంటివారు వెంట ఉంటాం. ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే చెయ్యి పట్టుకుంటాం. పొగ కనబడితే ముందు కబురు పంపేదీ మేమే. మూసేస్తే వచ్చేవారు రాకుండా ఉంటారా? పక్క దారిన, పేరు రాయకుండా, చీకట్లో ఎక్కుతారు. రేపు మంట లేస్తే ఎంతమంది పైన ఉన్నారో ఎవరికీ తెలియదు. బీటు కావలి గారు చెప్పిన కురంగణిలో కూడా అనుమతుల గురించే కదా తర్వాత పెద్ద వివాదం నడిచింది.

బీటు కావలి:
తొలకరి గారు చెప్పిన రిజిస్టరు మాటకు నా దగ్గర జవాబు లేదు. పేరు రాయకుండా ఎక్కినవారి కోసం రాత్రంతా వెతికిన అనుభవం నాకూ ఉంది.

కానీ పొగ చూడటం ఒకటి, ఆర్పడం ఒకటి. 2020 డిసెంబరు చివర నాగాలాండ్, మణిపూర్ సరిహద్దులో జూకో లోయ అంటుకుంది. ట్రెక్కింగ్ చేసేవారికి ఎంతో ఇష్టమైన చోటు అది. బండి పోయే దారి లేదు, వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు మోయాల్సి వచ్చింది. సాధారణంగా మా చేతిలో ఏముంటుందో తెలుసా? పచ్చి కొమ్మలు, కొడవళ్లు, వీపు మీద నీళ్ల డబ్బా. గడ్డి మంటను పచ్చి కొమ్మతో కొడుతూ, ఒకవైపు ఎండుటాకులు ఊడ్చి అడ్డగీత తీస్తూ పోవడమే. ఆ సమయంలో పైన ఎవరో ఉన్నారంటే మంటను వదిలేసి మనుషుల కోసం వెళ్లాలి. అప్పుడు అడవి పోతుంది.

పొగమంచు:
అందరూ ఏ కొండైనా ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. నేలను బట్టి లెక్క మారుతుంది. ఇంగ్లండ్‌లో సాడిల్‌వర్త్ బీడు కొండలు 2018 జూన్‌లో అంటుకున్నప్పుడు సైన్యాన్ని కూడా దించారు. అక్కడ నేల పీట్, అంటే వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని మొక్కల పొర. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. పది సెంటీమీటర్లు కాలితే వందేళ్ల నేల పోయినట్టు. పైన మంట ఆరినా కింద వారాల తరబడి రగులుతుంది. అలాంటి చోట రేకు కుంపటి పెట్టేవారిని నేనూ క్షమించను.

అదే మరోవైపు, కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు వేసవి మొదట్లోనే చిన్నచిన్న మంటలతో ఎండుటాకులు కాల్చేవారు. 1970ల్లో అభయారణ్యం వచ్చాక అది ఆగింది. ఆ తర్వాతే లాంటానా కంప అడవిని కమ్మేసిందని వారు అంటారు. లాంటానా ఎండితే మంట నేల మీద ఆగదు, చెట్ల కొమ్మల దాకా ఎక్కుతుంది. కాబట్టి దారి మూసి, నిప్పు ఆపి, చేతులు దులుపుకుంటే సరిపోదు. ఏళ్ల తరబడి పోగుపడిన చితుకులను ఎవరు తీస్తారు? గొలుసు కట్టడం సులువు, అందుకే గొలుసే కడతారు.

చెట్టుకొమ్మ:
నీటిబుడ్డి గారి వేరు సంగతి చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాటలు మాత్రం పాడతాను.

లెక్కల మనిషి:
నెలల తరబడి మూయడానికి, అసలు మూయకపోవడానికి మధ్య మరో పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలో 2022 సెప్టెంబరు నుంచి మంటల ప్రమాదాన్ని నాలుగు మెట్లుగా చెబుతున్నారు. గాలి, వేడి, ఎంత ఎండిందన్నది చూసి ఆ రోజుకు మెట్టు ప్రకటిస్తారు. అన్నింటికంటే పై మెట్టు వచ్చిన రోజున చాలా ఉద్యానాలు మూసేస్తారు, ముప్పు తగ్గాక తెరుస్తారు. కాలిఫోర్నియాలో 2021 ఆగస్టు 31 రాత్రి నుంచి జాతీయ అడవులన్నింటినీ దాదాపుగా మూసేశారు కానీ అది రెండు వారాల మాటే. పెద్ద మంటలు అప్పటికే రగులుతున్నాయి, ఆర్పే మనుషులు చాలని సమయం అది. వానలు పడేవరకు అని గుండుగుత్తగా బోర్డు పెట్టడం కంటే ఇది నయం కదా?

బీటు కావలి:
నయమే, రోజూ గాలి, తేమ కొలిచి చెప్పే మనిషి ఉంటే. నేను పనిచేసిన చోట గాలి కొలిచే పరికరం అంటే నా తలగుడ్డ కొస.

పాత బూట్లు:
సరే. అలా రోజువారీగా మూస్తే నాకు అభ్యంతరం లేదు, ముందురోజు సాయంత్రమే చెప్తే చాలు, నాలుగు గంటల ప్రయాణమైనా మిగులుతుంది. నెలల తరబడి మూయడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఒక చిన్న సందేహం. నెగడు లేదు, నిప్పు లేదు. గ్యాస్ స్టవ్ మాటేమిటి? మీట తిప్పితే ఆరిపోతుంది కదా, దాన్నీ వద్దంటారా?

బీటు కావలి:
ఆరిపోతుంది. కానీ నిండు గిన్నె పెట్టినప్పుడు ఆ సన్నని కాళ్ల మీద ఎలా ఊగుతుందో చూశారా? గడ్డి మీద పెట్టి, గాలికి టెంటు గుడ్డ అడ్డం కట్టి వండుతారు. ఒరిగిందంటే మీట దాకా చెయ్యి పోయేలోపు గడ్డి అందుకుంటుంది. మూయని రోజుల్లో తప్పదంటే వాగులో బండ మీద, చుట్టూ రెండు బారల దూరం గడ్డి లేనిచోట పెట్టండి, నిండు నీళ్ల సీసా మూత తీసి పక్కనే ఉంచండి. మూసిన రోజున మీ పొడి తిండే మేలు. ఇంతకీ ఏం తీసుకెళ్తారు అందులో?