వచ్చే ఆదివారం రాత్రికి షార్ట్ ఫిలిం ఇచ్చేయాలి: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

మూసాపేట్_రూమ్:

అందరికీ నమస్కారం. మేం అయిదుగురు స్నేహితులం, అందరం ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళమే. ఇద్దరికి గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు. ఒక పోటీకి ఆరు నిమిషాల సినిమా పంపాలి. గడువు వచ్చే ఆదివారం, నవంబర్ ఆఖరున, రాత్రి 12. అందరికీ కలిసి దొరికేది శనివారం ఒక్కటే. చేతిలో 8 వేలున్నాయి. ఒక ఐఫోన్, ఒక ట్రైపాడ్ ఉన్నాయి.

కథ ఇదీ. రిటైరైన ఆర్టీసీ కండక్టర్. డ్యూటీలో ఆయన భుజానికి వేసుకున్న తోలు సంచిని కొడుకు పాత సామాన్లకి వేసేస్తాడు. నాన్న ఒక్క మాట అనడు. తెల్లారకముందే లేచి వెతకడానికి బయల్దేరతాడు. కొడుకు వెనకే వెళ్తాడు. ఇల్లు, సిటీ బస్సు లోపల, జుమ్మేరాత్ బజార్, చివర్లో చార్మినార్ మీద డ్రోన్ షాట్ అని రాసుకున్నాం. నాన్న పాత్రకి మా ఓనర్ అంకుల్ ఒప్పుకున్నారు. ఆయన నిజంగానే కండక్టర్‌గా చేశారు, సంచి కూడా ఆయనదే. అమ్మగా ఆంటీ చేస్తున్నారు. ఇద్దరికీ నటన కొత్త.

ఒక్క రోజులో ఇదంతా అవుతుందా? పర్మిషన్ల సంగతేంటి? కాలర్ మైక్ కొనమంటారా? మా డైరెక్టర్‌కి టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

కృష్ణానగర్_బూమ్:

తమ్ముడూ, కథ బాగుంది. సంచి నిజంది, మోసిన మనిషి నిజం. ఈ రెండూ చేతిలో ఉన్నప్పుడు డ్రోన్ ఎందుకు? నేను సౌండ్‌లో పనిచేస్తాను, నాకు ఏం తోస్తోందో చెప్తాను.

ముందు బజార్ సంగతి. జుమ్మేరాత్ బజార్ గురువారం సంత. పేరులోనే ఉంది, ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారం. మీ షూటింగ్ శనివారం. కాబట్టి ఆ సీన్ మీ గల్లీ చివర పాత సామాన్ల కొట్టుకి తెచ్చుకోండి. కొట్టాయన్ని రెండు రోజుల ముందే కలిసి, చాయ్ తాగి, పొద్దున షాపు తీసే ముందు గంటసేపు ఇవ్వమని అడగండి. తూకం, అట్టపెట్టెల గుట్ట, సైకిల్ చక్రాలు, వాటి మధ్య ఒక ముసలాయన వంగి వెతకడం. ఇది సంతలో జనం మధ్య తీసినదానికంటే గట్టిగా తగులుతుంది.

చార్మినార్ వదిలేయండి. అది పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడం, షూటింగ్‌కి విడిగా అనుమతి కావాలి. డ్రోన్‌కి 2021 నిబంధనలున్నాయి. ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో చెప్పేలా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు గీశారు. బేగంపేట, హకీంపేట విమానాశ్రయాలు రెండూ ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి మ్యాప్ చూడకుండా ఎగరేయడం అసలు వద్దు. ఈ పర్మిషన్లు వారంలో వచ్చేవి కావు. పైగా మూసాపేట నుంచి చార్మినార్‌కి శనివారం యూనిట్‌ని తీసుకెళ్ళి తెచ్చుకోవడమంటే సగం పగలు ట్రాఫిక్‌కి రాసిచ్చినట్టే. ఇల్లు, మేడ, గల్లీ, కొట్టు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే సినిమా మొత్తం అయిపోవాలి.

బస్సు సీన్ మాత్రం తీసేయొద్దు. బస్సు చూపించకండి, వినిపించండి. మీలో ఒకరు రోజూ బస్సెక్కుతారుగా, ముందు సీట్లో ఇంజన్ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. గేర్ మార్చేటప్పుడు వచ్చే మూలుగు, బ్రేక్, తలుపు. శనివారం అంకుల్‌తో 'రైట్ రైట్' అనిపించి అది విడిగా పట్టుకోండి. సినిమాలో ఆయన చీకట్లో మంచం మీద కళ్ళు తెరిచి పడుకుని ఉంటారు, మనకి బస్సు వినిపిస్తుంది. పర్మిషన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, ఆయన ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం మొత్తం అక్కడ తెలిసిపోతుంది.

ఇక మైక్. కొనకండి, మా కృష్ణానగర్‌లో రోజు అద్దెకి దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రమే తెచ్చుకుని మీ ఫోన్‌కి కనెక్టర్ సరిపోతుందో లేదో చూసుకోండి. శనివారం పొద్దున చూస్తే ఆలస్యమైపోతుంది. బొమ్మ కాస్త చీకటైనా చూసేవాళ్ళు సర్దుకుంటారు. మాట వినపడకపోతే తర్వాతి వీడియోకి వెళ్ళిపోతారు. మన దగ్గర 'డబ్బింగ్‌లో చూసుకుందాం' అనడం అలవాటు. కొత్తవాళ్ళతో ఆ పని పెట్టుకోకండి. మంచం అంచున కూర్చుని అంకుల్ అన్న మాటలో ఉండే ఊపిరి, మళ్ళీ మైక్ ముందు నిలబెట్టి అడిగితే రాదు.

ఆంటీకి పట్టుచీర, గంజి పెట్టిన చీర వద్దు. మైక్‌కి రాసుకుని గరగరలాడుతుంది. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ చీర కట్టుకోమనండి. మంగళసూత్రం మైక్‌కి తగలకుండా మైక్‌ని భుజం వైపు జరపండి. మెడికల్ షాపులో పేపర్ టేప్ కొని, జిగురు పైకి వచ్చేలా చిన్న ఉండలా మడిచి, మైక్‌కి అటూ ఇటూ ఒకటేసి అంటించండి. బట్ట కదిలినా మైక్ కదలదు. గాజులు తీయమనకండి, ఆ ఇంట్లో ఆ చప్పుడు ఉండాలి. డైలాగ్ మీద మాత్రం పడకుండా చూసుకోండి.

షాట్ ముందు ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. బండి తాళాలు ఫ్రిజ్‌లో పెడితే వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోరు. బోర్ మోటార్ ఏ టైముకి వేస్తారో వాచ్‌మన్‌ని అడగండి. ప్రతి గదిలోనూ అందరూ ఒక నిమిషం కదలకుండా ఉండి ఖాళీ గది శబ్దం రికార్డ్ చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా కాపాడేది అదే. అంకుల్ చొక్కా జేబులో ఇంకో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. మైక్ మొరాయిస్తే అదే దిక్కు.

ఎడిట్_టేబుల్:

బూమ్ అన్న మాటకి నాదీ ఓటు. ఎడిటర్‌గా నాలుగు ముక్కలు.

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 పెట్టండి, ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమనదు. ఫోన్ సొంత కెమెరాలో షట్టర్ చేతికి రాదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, అందులో షట్టర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా చేసే రంగుల సెట్టింగ్) రెండూ లాక్ చేసుకోవచ్చు. ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ని ఇష్టమొచ్చినట్టు మారుస్తుంటాయి. విడిగా రికార్డ్ చేసిన సౌండ్ పోనుపోను పెదవులకి కలవకుండా పోయేది అందుకే. ఎడిట్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25కి మార్చుకోండి. సౌండ్, బొమ్మ కలపడానికి ప్రతి టేక్‌కి క్లాప్ కొట్టండి, చేతులతో అయినా సరే.

శనివారం రాత్రి ఎంత అలిసిపోయినా ఫుటేజ్ రెండు చోట్ల కాపీ అయ్యాకే పడుకోండి. ఆదివారం సాయంత్రం ఆరుకల్లా ఎలా ఉంటే అలా ఒక కాపీ అప్‌లోడ్‌కి సిద్ధంగా పెట్టుకోండి. ఆ తర్వాత చేసే మెరుగులన్నీ బోనస్.

మల్కాజ్‌గిరి_అక్క:

అంకుల్, ఆంటీల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. వాళ్ళ చేతికి స్క్రిప్ట్ కాగితాలివ్వకండి, బట్టీ పట్టి అప్పజెప్తారు. సీన్‌లో ఏం జరుగుతుందో చెప్పి, మాట వాళ్ళనే అననివ్వండి. చేతులకి పని పెట్టండి. ఆంటీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడితే కెమెరా ఉన్న సంగతే మర్చిపోతారు. అంకుల్ సంచి పట్టుకునే మొదటిసారి రిహార్సల్ చేయకండి, నేరుగా కెమెరా రోల్ చేసేయండి. అప్పుడు ఆయన వేళ్ళు ఏం చేస్తాయో మీరెవరూ రాయలేరు.

మేడ మీద సాయంత్రం సీన్ ఉంటే నాలుగింటికే పైన ఉండండి. ఈ రోజుల్లో 5:40 దాటితే సూర్యుడు లేడు. నీడ వైపు ఒక థర్మాకోల్ షీట్ పట్టుకుంటే మొహం మీద వెలుగు నిలుస్తుంది. పెద్దవాళ్ళని ఒంటిగంటకల్లా భోజనానికి కూర్చోబెట్టండి. షుగర్ ఉందేమో ముందే అడగండి. 8 వేలల్లో తిండికి ముందు తీసి పక్కన పెట్టండి, మిగతాది మైక్‌కి.

మూసాపేట్_రూమ్:

అక్కా, అన్నా, చాలా చాలా థాంక్స్. చార్మినార్, డ్రోన్ తీసేశాం. కొట్టాయన ఏడు నుంచి ఎనిమిది వరకూ ఇస్తానన్నారు. ఇంకొక్కటే. వంటింట్లో రేడియోలో పాత సినిమా పాట వినిపిస్తే బాగుంటుందని డైరెక్టర్ ఆశ. పెట్టొచ్చా? లేకపోతే అన్నమయ్య కీర్తన?

కృష్ణానగర్_బూమ్:

సినిమా పాట వద్దు తమ్ముడూ, వెనకాల చిన్నగా వినిపించినా హక్కుల గొడవే. మన చట్టంలో రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది, ఆపైన పాట రాసినవాళ్ళ హక్కు, బాణీ కట్టినవాళ్ళ హక్కు వేరే. అన్నమయ్య దగ్గరా జాగ్రత్త. సాహిత్యం 15వ శతాబ్దానిదే కానీ రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరం లేదు. మనం వినే బాణీల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో కట్టినవే, వాటికి హక్కుదారులుంటారు. ఆంటీని అడగండి, వాళ్ళ అమ్మమ్మ పాడిన జోలపాటో, నాట్ల పాటో ఒకటి వచ్చే ఉంటుంది. ఆమె గొంతుతోనే, పని చేసుకుంటూ పాడుతుండగా పట్టుకోండి. రేడియో కంటే ఆ ఇంటికి అదే బాగా అతుకుతుంది. టైటిల్స్‌లో ఆవిడ పేరు వేసి, పాట వాడుకోడానికి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. కొన్ని పోటీల్లో అది అడుగుతారు.