బేస్ మాల్ట్ ఒకటే పెట్టుకోవాలా, రెండు మూడు కలపాలా?

సైనిక్‌పురి నుంచి:
పోయిన ఆదివారం నలుగురం కూర్చుని దీని మీదే రెండు గంటలు వాదించుకున్నాం. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట ఒకటే: ఒక బీరుకు ఒక బేస్ మాల్ట్ చాలు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. రాగులు నానబెట్టి, మొలక రప్పించి, ఆరబెట్టి రాగి మాల్ట్ చేస్తాం కదా, బార్లీకీ అదే పద్ధతి. మొలకను ఆరబెట్టేటప్పుడు ఎంత వేడి తగిలిందన్న దాన్ని బట్టి పిల్స్‌నర్, పేల్ ఏల్, వియన్నా, మ్యూనిక్ అని పేర్లు మారతాయి. బీరులో పడే గింజల్లో ఎక్కువ భాగం ఇదే కాబట్టి బేస్ అంటాం.

నేను న్యూజెర్సీలో తొమ్మిదేళ్లు గ్యారేజీలో బీరు కాచాను. మొదటి మూడేళ్లు సగం పిల్స్‌నర్, పావు మారిస్ ఆటర్ అనే బ్రిటిష్ రకం, పావు వియన్నా కలిపేవాణ్ణి. కుదిరినప్పుడు ఎందుకు కుదిరిందో తెలిసేది కాదు, చెడినప్పుడు ఏది చెడగొట్టిందో తెలిసేది కాదు. తర్వాత ఒక ఏడాదంతా మారిస్ ఆటర్ ఒక్కటే వాడాను. 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో తయారైన బార్లీ అది. దాని బిస్కెట్ రుచి ఏమిటో, మ్యాష్ (అంటే మాల్ట్ పిండిని వేడినీళ్లలో నానబెట్టే దశ) వేడి 65 నుంచి 68 డిగ్రీలకు పెంచితే గ్లాసులో ఏం మారుతుందో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. అంత మంచి మాల్ట్‌ను తీసుకెళ్లి పిల్స్‌నర్‌లో కలిపితే రెండింటి గుణమూ పోతుంది.

గచ్చిబౌలి నుంచి:
అన్నా, నేను ఇక్కడ ఒక బ్రూపబ్‌లో, అంటే తన బీరు తానే కాచుకునే పబ్‌లో, బీరు కాచే పనిలో ఉన్నాను. మీరు చెప్పేది ఒకే మాల్ట్ ఏడాది పొడవునా ఒకేలా దొరికే చోట సరిపోతుంది. మాకు అలా దొరకదు. జర్మనీ బస్తా 25 కిలోలది, దేశీ బస్తాకు రెండింతల పైనే పడుతుంది, ఒక్కోసారి నెలల తరబడి రాదు. మన బార్లీ ఎక్కువగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా పొలాల్లోది. వెన్నుకు ఆరు వరుసల గింజలుండే రకం వచ్చిందంటే పొట్టు ఎక్కువ, ప్రొటీన్ ఎక్కువ. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు దండిగా ఉంటాయి, కానీ బీరు మసకబారుతుంది. రెండు వరుసల రకమైతే గింజ లావు, చక్కెర ఎక్కువ దిగుతుంది. ఒకే కంపెనీ సరుకైనా లాటుకీ లాటుకీ తేడా చూస్తున్నాను.

కాఫీ పొడి కొట్లో ప్లాంటేషన్ ఇంత, పీబెర్రీ ఇంత అని చెప్పి ఆడించుకుంటాం. పంట మారినా మన కప్పు మారకూడదనే కదా! నేను దేశీ మాల్ట్ 70, మ్యూనిక్ 30 వేస్తాను. మ్యూనిక్‌కు ఎక్కువ వేడి తగలడం వల్ల ఎంజైములు తక్కువ, ఆ పని దేశీ గింజ చేసిపెడుతుంది. దేశీ దానికి లేని బ్రెడ్ వాసన మ్యూనిక్ ఇస్తుంది. ఈ రెంటినీ విడదీస్తే నా చేతిలో ఏమీ మిగలదు.

నిజాంపేట నుంచి:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది బోరు నీళ్లు, గీజర్ రాడ్డుకు ఆర్నెల్లకే తెల్లగా పెచ్చు కడుతుంది. అలాంటి నీళ్లలో పిల్స్‌నర్ ఒక్కటే వేస్తే మ్యాష్ పీహెచ్ 5.6 దాటిపోతుంది, టీ డికాక్షన్ ఎక్కువసేపు మరిగినట్టు వగరు వస్తుంది. పిల్స్‌నర్ పుట్టిన చెక్ దేశపు ప్ల్‌జెన్ ఊరి నీళ్లు చాలా మెత్తనివి, అంటే లవణాలు తక్కువ. మ్యూనిక్ నగరం నీళ్లు గట్టివి, ముదురు మాల్ట్ పీహెచ్‌ను కిందికి లాగుతుంది, అందుకే అక్కడ ముదురు రంగు బీర్లు నిలిచాయి. హైదరాబాద్ బోరుకు మ్యూనిక్ కలపాల్సిందే.

సైనిక్‌పురి నుంచి:
నీళ్ల గురించి మీరు చెప్పింది నిజం, విరుగుడు మాత్రం అది కాదు. 30 శాతం మ్యూనిక్ వేసినా పీహెచ్ తగ్గేది ఏ కొంచెమో. అదే ఆసిడ్యులేటెడ్ మాల్ట్ (పులుపెక్కించిన మాల్ట్) అయితే మొత్తం గింజల్లో ఒక్క శాతం వేస్తే సుమారు 0.1 తగ్గుతుంది. లేదా ఆర్వో నీళ్లు పట్టి కొంచెం కాల్షియం క్లోరైడ్ వేసుకోవచ్చు. నీళ్ల జబ్బుకు నీళ్లలోనే వైద్యం చేయాలి, రుచిని కదిలించకూడదు.

పిల్స్‌నర్ వాడేవాళ్లకు ఇంకో మాట. మన ఊరు సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఉడికిన మొక్కజొన్న వాసనకు కారణమైన డీఎంఎస్‌ను పూర్తిగా బయటికి పంపాలంటే మూత తీసి 90 నిమిషాలు మరిగించండి. గంటతో సరిపెట్టకండి.

హిమాయత్‌నగర్ నుంచి:
ముందుగా ఒక సంగతి. తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. ఇది చదివి ఎవరూ వంటింట్లో డ్రమ్ము పెట్టకండి. కానీ మాల్ట్ రుచి తెలుసుకోవడానికి పులియబెట్టే పనే లేదు.

నేను చేసేది చెప్తాను. 50 గ్రాముల మాల్ట్‌ను మిక్సీలో రవ్వకన్నా మెత్తగా పట్టి ఫ్లాస్కులో వేస్తాను. 65 డిగ్రీల నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి, బాగా కలిపి, పావుగంట మూత పెడతాను. తర్వాత ఫిల్టర్ కాగితంలో వడగడితే తేనె రంగు కషాయం దిగుతుంది. ఆ రోజే తాగి చూడాలి.

మీ వాదన చదివి నిన్న ఆరుగురికి ఇచ్చాను. ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు, రెండింటిలో ఒకటే, మూడోదాంట్లో వేరేది; ఆ వేరేది ఏదో చెప్పాలి. మారిస్ ఆటర్ ఒక్కటే, మారిస్ ఆటర్ సగం పిల్స్‌నర్ సగం, ఈ రెంటి మధ్య తేడా ఇద్దరే పట్టుకున్నారు. గుడ్డిగా చెప్పినా ఆరుగురిలో ఇద్దరికి తగులుతుంది. పిల్స్‌నర్ ఒక్కటే, పిల్స్‌నర్ 70 మ్యూనిక్ 30, ఇక్కడ ఆరుగురూ పట్టుకున్నారు. మా అత్తయ్య గ్లాసు దగ్గరికి తీసుకోగానే "ఇందులో రొట్టె పైపొర వాసన వస్తోంది" అన్నారు.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది ఇంకోటి. వానాకాలంలో సగం వాడి మూతి కట్టి ఉంచిన సంచిలోంచి ఒక గింజ తీసి కొరికాను. కొత్త మాల్ట్ పంటి కింద కరకరమని విరగాలి. ఇది మెత్తబడిన బిస్కెట్‌లా సాగింది. దాని కషాయంలో అట్టపెట్టె వాసన. అది కలిపినా, కలపకపోయినా ఫలితం లేదు. సంచి తెరిచిన రోజే గాలి దూరని డబ్బాల్లోకి మార్చుకోండి, లేకపోతే ముక్క పురుగు కూడా పడుతుంది.

గచ్చిబౌలి నుంచి:
మేడమ్, ఇంత శ్రద్ధగా చేసినందుకు థాంక్స్. దగ్గరి రకాలు రెండు కలపడం వల్ల లాభం లేదన్న మాట ఒప్పుకుంటున్నాను. కషాయంలో కనబడని తేడా పులిసిన తర్వాత నురుగులోనో, నోట్లో చిక్కదనంలోనో కనబడొచ్చు, అది మాత్రం గుర్తుంచుకోండి. లాట్ల విషయంలో నా మాట మారదు. పాత లాటు సగం ఉండగానే కొత్తది తెరిచి కలుపుతూ పోతే బీరు ఒక్కసారిగా మారిపోదు. రోజూ వచ్చి అదే గ్లాసు అడిగే మనిషికి నేను జవాబు చెప్పుకోవాలి.

సైనిక్‌పురి నుంచి:
మ్యూనిక్ విషయంలో ఆరుగురికి ఆరుగురూ పట్టుకున్నారంటే నేను తగ్గాలి. దూరపు రకాలు కలిపితే కొత్త రుచి పుడుతుంది, సరే. పిల్స్‌నర్‌నూ మారిస్ ఆటర్‌నూ కలిపే అలవాటు మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. తమ్ముడూ, మీ దేశీ మాల్ట్ పాత లాటు వంద గ్రాములు, కొత్త లాటు వంద గ్రాములు పొట్లం కట్టి ఉంచండి. శనివారం నేనే వచ్చి తీసుకుంటా. మేడమ్ గారి ఫ్లాస్కుల్లో అవి వేసి చూసి, ఫలితం ఇక్కడే రాస్తాను.