పిల్లలపై లైంగిక దాడి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలన్న నిబంధన: మౌనం వీడుతోందా, మరింత బిగుస్తోందా?

తుంగభద్ర:
2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ, తల్లి అయినా, టీచరైనా, డాక్టరైనా, ఆ సంగతి పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థను నడిపేవారైతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. మౌనాన్ని బద్దలు కొట్టాలనే ఈ నియమం పెట్టారు. అయితే జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఏటా నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు పిల్లకు తెలిసినవాడే. చెప్పిన మరుక్షణం బాబాయినో, మేనమామనో, పక్కింటాయననో స్టేషన్‌కు ఈడుస్తారని తెలిసినప్పుడు ఏ పిల్ల నోరు విప్పుతుంది? ఏ తల్లి ఆసుపత్రి గడప తొక్కుతుంది? కేసు పెట్టాలా, ఎప్పుడు పెట్టాలా అన్న నిర్ణయం పిల్లకూ, ఆమెను కాచుకునే పెద్దలకూ వదలాలని నా అభిప్రాయం. ఇందుకు భిన్నంగా ఆలోచించేవారి వాదన కూడా వినాలని ఇక్కడ రాస్తున్నాను.

మెట్టపొలం:
తుంగభద్ర గారూ, నేను మీతో ఏకీభవించలేను. చాలా ఏళ్లు గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. "పిల్లను కాచుకునే పెద్దలు" అని మీరన్నారు. ఆ పెద్దలే నేరస్థుడి బంధువులైనప్పుడు, లేదా అతని పొలంలో కూలికి వెళ్లేవారైనప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, ఇంత సొమ్ము ఇప్పించి, పిల్లను దూరపు చుట్టాలింటికి పంపించి, ఆ మాట అక్కడితో పూడ్చేసిన పంచాయితీలు నాకు తెలుసు. ఆ తర్వాత ఆ మనిషి మరో పిల్ల జోలికి పోడని ఎవరైనా పూచీ ఇచ్చారా?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా మన ఆసిఫాబాద్ సరిహద్దుకు పక్కనే ఉంటుంది. అక్కడి ఒక పాఠశాల హాస్టల్‌లో చిన్న తరగతుల గిరిజన బాలికలు అస్వస్థతతో చికిత్సకు వచ్చారు. దర్యాప్తు మొదలయ్యాక తేలింది, వేధింపులకు గురైన పిల్లలు 17 మంది అని. ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు పోలీసులకు చెప్పలేదన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేరం తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేననీ, చాలాసార్లు అది నేరస్థులను కాపాడే ప్రయత్నమేననీ 2022 నవంబరులో కోర్టు స్పష్టం చేసింది. మొదటి పిల్ల వచ్చిన రోజే ఎవరో ఒకరు ఫోను చేసి ఉంటే మిగిలిన పిల్లల్లో కొందరైనా తప్పించుకునేవారేమో! హాస్టల్ పిల్లకు అమ్మానాన్నా దగ్గర ఉండరు, వార్డెనే సర్వస్వం. ఆ వార్డెన్ నోరు మూసుకోకుండా చేసేది ఈ ఒక్క సెక్షన్. దాన్ని సడలిస్తే ముందుగా నష్టపోయేది ఎవరూ లేని పిల్లలే.

సిస్టర్:
మీరిద్దరూ చెబుతున్నది నేను వార్డులో చూస్తూనే ఉన్నాను. ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో స్టాఫ్ నర్సును. ఒక రాత్రి ఒక తల్లి పద్నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, కడుపునొప్పి అని ఓపీ చీటీ రాయించింది. పిల్ల తలెత్తలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ తెర చాటుకు తీసుకెళ్లి మాట్లాడాక తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఎమ్మెల్సీ (పోలీసులకు వెళ్లే మెడికో లీగల్ కేసు నమోదు) మాత్రం రాయొద్దమ్మా, మందులిచ్చి పంపెయ్యండి, ఇంటాయనకు తెలిస్తే మమ్మల్నిద్దర్నీ బతకనివ్వడు" అంది. పోలీసులకు చెప్పక తప్పదని నేను నచ్చజెబుతుండగానే పిల్లను లేపుకుని బయటికి వెళ్లిపోయింది. చీటీలో రాయించిన చిరునామాలో అలాంటి వారెవరూ లేరు.

ఆ రాత్రి ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో వైద్యం తెలియనివారికి చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అయిదు రోజులు దాటితే ఇక పనిచేయదు. లోపలి గాయాలు చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ ఎఫ్‌ఐఆర్ కోసం ఆగనక్కర్లేదు. పోలీసుల కాగితం లేదని అత్యవసర చికిత్స ఆపకూడదని పోక్సో నియమాల్లోనే ఉంది. అయినా ఎమ్మెల్సీ అన్న మాట చెవిన పడగానే మనిషి లేచి వెళ్లిపోతోంది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వయసు వచ్చిన స్త్రీ తనకు పోలీసు కేసు వద్దంటే ఆ మాటను రాతపూర్వకంగా నమోదు చేసుకుని చికిత్స చేయవచ్చు. పదిహేడేళ్ల పిల్లకు ఆ వెసులుబాటు లేదు. చిన్నపిల్లల విషయంలో నిబంధన ఉండాల్సిందేనని నేనూ అంటాను. పదహారు దాటిన వారికి మాత్రం కొన్ని రోజుల గడువు ఇచ్చి, ఆ రోజుల్లో కౌన్సెలర్‌ను తోడుంచి, ఆ తర్వాత పోలీసులకు చెప్పేలా మార్చడం మంచిదని నా ఆలోచన.

తుంగభద్ర:
సిస్టర్ గారు చెప్పినదానికి మరొకటి చేరుస్తాను. పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక మైనరు అమ్మాయి కేసులో, నిందితుణ్ని దోషిగానే నిలిపి, అతనికి శిక్ష మాత్రం విధించకుండా 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ అమ్మాయిని నేరం కంటే ఆ తర్వాత నడిచిన పోలీసు, కోర్టు ప్రక్రియే ఎక్కువగా బాధించిందని కోర్టు గుర్తించింది.

వకీలు:
ఆ కేసును ఇక్కడికి తేవద్దని నా మనవి. అది ఇష్టపడి ఇంట్లోంచి వెళ్లి, తర్వాత అతన్నే పెళ్లాడి, బిడ్డను కన్న అమ్మాయి కథ. ఈడు పిల్లల ప్రేమ వ్యవహారాలనూ బలాత్కారాన్నీ ఒకే గాటన కడితే రెండింటికీ అన్యాయమే జరుగుతుంది. ప్రేమ కేసుల్లోని ఇబ్బందికి కొంత దారి ఇప్పటికే ఉంది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు చెప్పేటప్పుడు డాక్టరు ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

పేరు చెప్పనిదాన్ని:
ఇంతవరకు డాక్టర్ల గురించి, కోర్టుల గురించి మాట్లాడారు. ఆ పిల్ల వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలని రాస్తున్నాను. నాకు అది జరిగినప్పుడు ఈ చట్టం లేదు. నేను అమ్మకు చెప్పాను. అమ్మ నా నోటిమీద చెయ్యి పెట్టి, "ఇంకెక్కడా అనకు" అంది. ఆ తర్వాత ఆ మనిషి మా ఇంట్లో పెళ్లిళ్లకూ పండగలకూ వస్తూనే ఉన్నాడు, నేను అతనికి మంచినీళ్ల గ్లాసు అందిస్తూనే ఉన్నాను. ఇప్పుడు చికిత్స తీసుకుంటున్నాను, నిద్ర పడుతోంది. అప్పట్లో పోలీసులు వచ్చి ఉంటే నాకు మేలు జరిగేదా అని నన్నడిగితే ఖచ్చితంగా చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. చెప్పినదాన్ని నమ్మి, అతను మళ్లీ మా గడప తొక్కకుండా చూసే మనిషి ఒక్కరుంటే నా బాల్యం వేరుగా ఉండేది. అమ్మకు చట్టం భయం ఉంటే ఆ పని చేసేదేమో. లేక నన్ను ఇంకా గట్టిగా నోరు మూయించేదేమో. ఈ రెండోదాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. అందుకే నిబంధన ఉండాలా వద్దా అనే ముందు, ఫోను చేసిన మర్నాడు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పమని అడుగుతున్నాను.

వకీలు:
అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మీ ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది, అమలులోనే లేదు. సమాచారం అందిన 24 గంటల్లోపు పోలీసులు బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. ఆ సమితి కుటుంబానికి సహాయక వ్యక్తిని ఇవ్వవచ్చు. ఆ వ్యక్తి దర్యాప్తు నుంచి విచారణ ముగిసేదాకా పిల్లకు తోడుగా ఉండాలి. ఈ ఏర్పాటు కాగితాలకే పరిమితమవుతోందని గమనించి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు ఆదేశాలు కూడా ఇచ్చింది. పిల్ల దగ్గరికి పోలీసులు యూనిఫాంలో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనో పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. కోర్టులో ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో కౌన్సెలింగు, వైద్యం, పోలీసు పని ఒకే కప్పు కింద జరిగే ఏర్పాటు చేశారు. అలాంటి చోటికీ, పిల్ల సాక్ష్యం కోసం కోర్టు వరండాలో నిందితుడి అన్నదమ్ముల ఎదురుగా బల్లమీద సాయంత్రం దాకా కూర్చుని, వాయిదా పడిందని తెలుసుకుని ఊరెళ్లే బస్సెక్కే చోటికీ ఎంతో తేడా ఉంది. ఆ రెండో చోట సాక్షులు ఎదురు తిరగడం నేను చూస్తున్నాను, వారిని తప్పుపట్టలేను.

మెట్టపొలం:
పేరు చెప్పని ఆ అమ్మ రాసినది చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. నిబంధన ఉండాలి. అయితే టీచర్లకూ వార్డెన్లకూ చెప్పే శిక్షణల్లో "చెప్పకపోతే జైలు" అన్న ఒక్క ముక్కే చెప్పి పంపిస్తున్నారు. సహాయక వ్యక్తి అన్న మాట నా ఉద్యోగ కాలంలో ఒక్క శిక్షణలోనూ వినలేదు. సిస్టర్ గారి గడువు ప్రతిపాదనకు మాత్రం ఒప్పుకోను. ఆ కొన్ని రోజుల్లోనే పంచాయితీలు జరుగుతాయి.

సిస్టర్:
మాష్టారూ, మీ భయం సరైనదే. పిల్లను ఆ గడువులో ఇంటికి పంపకుండా సఖి కేంద్రంలోనో (హింసకు గురైన ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం) వార్డులోనో ఉంచగలిగితేనే నా ప్రతిపాదన నిలుస్తుంది, లేకపోతే మీరన్నట్టే జరుగుతుంది. చట్టం మారేదాకా మా వార్డులో మేం పాటిస్తున్న వరుస రాస్తాను. ముందు పిల్లను పడుకోబెట్టి నీళ్లిచ్చి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా నొప్పి ఎక్కడుందో అడుగుతాం. మందులు మొదలుపెడతాం. అవి వేసుకున్నాకే పోలీసులకు చెప్పాల్సి ఉంటుందన్న సంగతి ఎత్తుతాం. దాచిపెట్టి ఫోను చేయం, తల్లి ఎదుటే చేస్తాం. సహాయక వ్యక్తి కావాలని అర్జీ రాయించి, స్టేషన్ నుంచి వచ్చినవారి చేతికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకుంటాం. ఇలా చేసినా కొందరు వెళ్లిపోతున్నారు, కాని అంతకుముందుకంటే తక్కువ మంది. వకీలు గారూ, ఆ అర్జీ నమూనా సరళమైన తెలుగులో ఒకటి రాసి ఇక్కడ పెడితే మా వార్డు గోడకు అంటిస్తాను.