లీ యుచున్: షో గెలిచాక ఇన్నేళ్లు ఎలా నిలబడింది?

గోంగూర_పచ్చడి:
చైనీస్ నేర్చుకుంటున్నా. క్లాసులో మేడమ్ లీ యుచున్ పాట పెట్టారు. అబ్బాయి పాడుతున్నాడనే అనుకున్నా! 2005లో చైనాలోని హునాన్ టీవీ ‘సూపర్ గర్ల్’ పాటల పోటీ గెలిచిందట. ఇలాంటి షోలు గెలిచినవాళ్లు రెండేళ్లకే కనబడకుండా పోతారు కదా, ఈమె ఎలా నిలదొక్కుకుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

చెంగ్డూ_డాక్టర్:
నా ఎంబీబీఎస్ ఆమె సొంతూరు చెంగ్డూలోనే. అక్కడ వీధి బండి మీద లియాంగ్‌ఫెన్ అని చల్లటి జెల్లీ ముక్కలు అమ్ముతారు, పైన ఎర్రటి కారం నూనె పోసి. ఓసారి బండి దగ్గర "నాకు లియాంగ్‌ఫెన్ ప్రాణం" అన్నాను. పక్కనున్న చైనా క్లాస్‌మేట్ పడీ పడీ నవ్వింది. అదే పోటీలో మూడో స్థానం వచ్చిన జాంగ్ లియాంగ్‌యింగ్ అభిమానుల్ని ఆ పేరుతోనే పిలుస్తారట. లీ యుచున్ అభిమానులు ‘యుమీ’, అంటే మొక్కజొన్నలు. ఆ క్లాస్‌మేట్ వాళ్లమ్మ పక్కా మొక్కజొన్న. ఒక్కో ఫోన్‌కి 15 ఓట్లే కావడంతో ఫైనల్ రోజు చుట్టాల ఫోన్లన్నీ పోగేసిందట.

రాగం_తానం:
ఎవరేమనుకున్నా సరే, గొంతు జాంగ్‌దే. పై స్థాయిలో ఈల వేసినట్టు పలికిస్తుంది, అందుకే డాల్ఫిన్ అంటారు. లీది కింది స్థాయి, పరిధీ తక్కువే. అయినా లీకి 35 లక్షల ఓట్లు, జాంగ్‌కి 13 లక్షలు. జనం ఓటేసింది పొట్టి జుట్టుకీ, ప్యాంటూ చొక్కాకీ, మగవాళ్ల పాటలు ఎంచుకున్న ధైర్యానికీ.

చెంగ్డూ_డాక్టర్:
కాదనను అన్నా. కానీ కేటీవీకి, అంటే అక్కడి కారియోకే పాటల గదులకి, వెళ్తే మీకే తెలిసేది. గది అద్దెకు తీసుకుని, తెర మీద పేరులోని మొదటి అక్షరాలు ఎల్, వై, సి నొక్కితే ఆమె పాటలన్నీ వరసగా వచ్చేస్తాయి. జాంగ్ పాట ఎత్తుకుంటే మా గొంతులు సగంలోనే చచ్చేవి. లీ పాట నాలాంటి కాకి గొంతుకీ అందుతుంది.

బ్యాలెన్స్_నిల్:
2010లో మన శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్‌లో ఉన్నప్పుడు నాన్న ఫోన్‌లో బ్యాలెన్స్ మొత్తం ఊడ్చేశాను. తిట్లు తిన్నాను. ఆ తర్వాత? ఒక్క టికెట్ కొన్నది లేదు. తేడా అక్కడే ఉందేమో. లీ 2006లో ‘వై మీ’ అని సొంత కచేరీ మొదలుపెట్టి ఏటా జరుపుతూ వచ్చింది. ఓటేసినవాళ్లకి మళ్లీ కలిసే చోటు దొరికింది. జనం ఆమెను మర్చిపోయే వీలే ఇవ్వలేదు.

గోంగూర_పచ్చడి:
ఇది బాగా చెప్పారు. సినిమాలు కూడా చేసిందట కదా?

రాగం_తానం:
చేసింది. 2009లో ‘బాడీగార్డ్స్ అండ్ అసాసిన్స్’లో నటించింది. కానీ నాకు నచ్చింది వేరు. తన పాటలు తనే రాసుకోవడం మొదలుపెట్టింది. గొంతు చిన్నదని తెలిసినవాళ్లు చేయాల్సిన పని అదే.

పాలప్యాకెట్:
ఇంకో తమాషా. ‘సూపర్ గర్ల్’ స్పాన్సర్ మెంగ్‌న్యూ, పాల కంపెనీ. షో పేరులోనే వాళ్ల పెరుగు పేరు ఉండేది. 2021లో ‘యూత్ విత్ యూ’ మూడో సీజన్‌లో కుర్రాళ్లకు మెంటర్‌గా లీ కూర్చుంది. స్పాన్సర్ మళ్లీ మెంగ్‌న్యూనే! ఈసారి ఓటు కోడ్ సీసా మూతలో పెట్టారు. మూతలు తీసుకుని పాలు కాలవలో పారబోసిన వీడియోలు బయటికొచ్చాయి. ఫైనలే ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో ఇలాంటి ఐడల్ షోలనే చైనా ప్రభుత్వం నిషేధించింది.

చెంగ్డూ_డాక్టర్:
ఆ వీడియోలు మా హాస్టల్ గ్రూపులోనూ తిరిగాయి. క్లాస్‌మేట్ వాళ్లమ్మ అన్న మాట: "మేం పెరుగు తినేవాళ్లం, పారబోయలేదు."