మొదటి ఏడాది గ్రేడ్లు చెడిపోయాక యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు) ట్రాన్స్‌ఫర్: మీ అనుభవాలు చెప్పగలరా?

శాన్‌హోసే_నాన్న: మా అబ్బాయి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీలో) మొదటి ఏడాది కాలిక్యులస్‌లో ఎఫ్, కెమిస్ట్రీలో డి తెచ్చుకుని, ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా చెప్పాడు. ఈ సెమిస్టరులో కోలుకున్నాడు. ఎకనామిక్స్ చదవాలని వాడి కోరిక. పాత కాలేజీ పేరు చెప్పకుండా వేరే కాలేజీలో కొత్తగా మొదలుపెట్టవచ్చని ఒక బంధువు సలహా ఇచ్చారు. అది సరైనదేనా?

రివర్‌సైడ్_పూర్వవిద్యార్థిని: దయచేసి ఆ పని చేయనివ్వకండి. చదివిన ప్రతి కాలేజీనీ, వచ్చిన ప్రతి గ్రేడునూ దరఖాస్తులో చూపించాలి. దాచినట్టు తేలితే వచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు. నిజానికి దాచవలసిన అవసరమే లేదండి. డి, ఎఫ్ వచ్చిన కోర్సును మళ్లీ చదివితే యూసీ లెక్కలో కొత్త గ్రేడే నిలుస్తుంది కాబట్టి, ఐదు యూనిట్ల కాలిక్యులస్‌లో ఎఫ్ పోయి ఏ వస్తే సున్నా ఉన్నచోట, యూనిట్‌కు నాలుగు చొప్పున, ఇరవై పాయింట్లు వచ్చి చేరతాయి. నేను గట్టెక్కింది అలాగే. అయితే సి వచ్చిన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ చదవనివ్వరు. పైగా డబ్ల్యూతో (గ్రేడు లేకుండా, మానేసినట్టు గుర్తుతో) వదిలేసినవి కూడా కలిపి ఒక్కో కోర్సుకు సాధారణంగా మూడు ప్రయత్నాలే ఉంటాయి.

డేవిస్_అమ్మ: కాలిఫోర్నియా నివాసులకు యూసీ కనీస జీపీఏ (గ్రేడ్ల సగటు) 2.4 అన్నది గుమ్మం మాత్రమే, దానితో సీటు వచ్చేస్తుందని అనుకోకండి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో తప్ప మిగిలిన ఆరు అండర్‌గ్రాడ్యుయేట్ క్యాంపస్‌లలో ట్యాగ్ అనే ముందస్తు సీటు హామీ ఉంది. కావలసిన జీపీఏ క్యాంపస్‌ను, మేజరును (ప్రధాన సబ్జెక్టును) బట్టి మారుతుంది, దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి. మరో ప్రభుత్వ వ్యవస్థ సీఎస్‌యూలో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో) కనీసం 2.0 చాలు. అక్కడ, కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ ఉంటే వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయమే కానీ, కోరుకున్న క్యాంపస్‌లోనే వస్తుందని చెప్పలేము. మన వాళ్లు సీఎస్‌యూ అనగానే ఎందుకు ముఖం చిట్లిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గుంటూరు_ఎఫ్1: విద్యార్థి వీసా (ఎఫ్1) మీద వచ్చిన నాలాంటి బయటివారికి యూసీ కనీసం 2.8 అడుగుతుంది. పైగా సెమిస్టరుకు పన్నెండు యూనిట్ల కంటే తగ్గితే వీసాకే ముప్పు కాబట్టి, కష్టమైన కోర్సును మధ్యలో వదిలేసే వెసులుబాటు కూడా మాకు ఉండదు. కౌన్సెలర్ మాట విని నేను చదివిన ఒక కోర్సు నా మేజరుకు పనికిరాక ఒక సెమిస్టరు వృథా అయింది. అసిస్ట్ వెబ్‌సైటులో మీ కాలేజీ, క్యాంపస్, మేజరు ఎంచుకుని ఏ కోర్సుకు ఏది సరిపోతుందో మీరే చూసుకోండి.

రివర్‌సైడ్_పూర్వవిద్యార్థిని: ఒక మాట మరచిపోయాను. ఆ ఏడాది ఏమి జరిగిందో దరఖాస్తులోని అదనపు వ్యాఖ్యల భాగంలో నాలుగు వాక్యాల్లో మీ అబ్బాయినే వ్రాయమనండి. నేను మొదట రెండు పేజీల ఏడుపు వ్రాసి, తరువాత అంతా కొట్టివేశాను.

శాన్‌హోసే_నాన్న: అందరికీ కృతజ్ఞతలండి. వేసవిలో కాలిక్యులస్ మళ్లీ చదువుతానన్నాడు. నిన్న రాత్రి ఇద్దరమూ కూర్చుని వాడి ట్రాన్స్‌క్రిప్టును మొదటిసారి పూర్తిగా చదివాము. సి వచ్చినవి పక్కన పెడితే మళ్లీ చదవవలసినవి రెండే తేలాయి.