Re: రూమ్మేట్ విషయం.. కంప్లైంట్ ఇస్తే వీసా పోతుందా?

తమ్ముడూ, మాదీ తిరుపతే, కొర్లగుంట. ఇంగ్లండ్‌లో చదువుకుంటా ఉంటే రూమ్మేట్ నిన్ను బలవంతం చేసినాడని, కంప్లైంట్ ఇస్తే వీసా పోతుందా అని అడిగినావు. "మగోడికి ఇట్ల జరిగిందంటే ఎవురు నమ్ముతారన్నా" అని రాసినావు చూడు, ఆ భయం మనం ఊర్నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నిందే. నేనూ ఒకప్పుడు ఊర్లో ఒక స్టేషన్‌కి పోయినా, రైటరు సగం రాసి పెన్ను కింద పెట్టి "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి పో" అని నవ్వినాడు.

చట్టమూ అట్లనే ఉండాది ఇండియాలో. 2018లో సుప్రీంకోర్టు మగోళ్లు మగోళ్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదనింది, బలవంతానికి మాత్రం పాత ఐపీసీలోని సెక్షన్ 377 మిగిలింది, 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చినాక అదీ లేదు, రేప్ సెక్షన్ 63లో బాధితురాలంటే ఆడమనిషే. ట్రాన్స్ వాళ్ల మీద లైంగిక దాడి చేస్తే 2019 చట్టం కింద మించితే రెండేళ్లు, అంతే!

ఇంగ్లండ్‌లో అట్ల కాదు. మగోడి మీద జరిగినా రేపే, 1994 నుంచి. ముందు నువ్వే మెసేజ్ పెట్టినావు సరే, వద్దన్న తర్వాత అది లెక్కలోకి రాదు. "కొట్లాడలేదన్నా, బిగుసుకుపోయినా" అన్నావే, స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు 2003లోనే బల్గేరియా కేసులో చెప్పింది, ఎదురు తిరగలేదన్నా సరే ఒప్పుకోకుండా చేసింది నేరమే, విచారించాల్సిందే అని.

ఇప్పుడు పని చూడు. ఆదివారం రాత్రి అన్నావు, ఇయ్యాల మంగళవారం. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల లోపలే మొదలుపెట్టాల, ఈ పొద్దే సార్క్‌కి (SARC) ఫోన్ చెయ్యి, లైంగిక దాడి జరిగినోళ్ల కోసమే ఉండే సెంటర్ అది, పోలీసులకి చెప్పకపోయినా చూస్తారు, డబ్బులడగరు. ఆ టీషర్టు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టు, ప్లాస్టిక్‌లో వద్దు. "మీ నాయనకి చెప్తా" అని వాడు పెట్టిన వాట్సాప్ డిలీట్ చెయ్యబాకు, రేపు పనికొచ్చేది అదే.

కంప్లైంట్ ఇచ్చినోళ్ల వీసా తీసేస్తారనే రూల్ ఏమీ లేదు. క్లాసులు ఎగ్గొడితేనే తంటా, అందుకే యూనివర్సిటీ వాళ్లకి చెప్పి ముందు రూమ్ మార్పించుకో. నీ పేరు పేపర్లో వెయ్యకూడదని 1992 చట్టం ఉండాది, జీవితాంతం.

---
Re: Re:

నాన్నా, నేను చిత్తూరు అక్కని. గాలప్ అని ఎల్జీబీటీ వాళ్ల కోసమే ఉండే సంస్థ ఉంది, వాళ్లతోనూ మాట్లాడు. పోలీసుల దగ్గర తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అడుగు, కానీ వేరే ఊరాయన్ని ఫోన్లో పెట్టమను. మన సంఘం వాళ్లని మాత్రం తోడు తీసుకుపోబాకు, ఉగాది ఫంక్షన్ కల్లా ఊరంతా తెలిసిపోతుంది. నేనొస్తా, ఏ ట్రైన్‌కి రావాలో ప్రైవేట్‌గా చెప్పు.