లిస్టులోంచి ‘తియ్యి’ అనొచ్చా?

మా చెల్లెలి కూతురు బీటెక్ రెండో ఏడాది. నిన్న జావా ప్రోగ్రామింగ్ చెప్తూ “ఈ లిస్టులోంచి మూడో పేరు తియ్యి” అన్నాను. లెక్క సున్నాతో మొదలవుతుందని దానికి తెలుసు, అరేలిస్ట్ (జావాలో వరసగా పెట్టుకునే జాబితా) మీద గెట్(2) రాసింది. పేరు సరిగ్గానే వచ్చింది. వెంటనే అడిగింది: “తీసేశాం కదా పెద్దమ్మా, సైజ్ ఇంకా ఐదే ఉందేంటి?”

తప్పు దానిది కాదు, నేను వాడిన మాటది. బీరువాలోంచి చీర తీస్తే అది ఇక బీరువాలో ఉండదు. డబ్బాలోంచి లడ్డూ తీస్తే ఒకటి తగ్గుతుంది. ఆ పని చేసేది రిమూవ్(2). అది మూడో పేరును మన చేతికిచ్చి, లిస్టులో లేకుండా చేసి, వెనకున్నవాటిని ఒక్కో గడి ముందుకు జరుపుతుంది. గెట్ దేన్నీ కదపదు.

రిమూవ్‌కి ‘తీసెయ్’ చక్కగా సరిపోతుంది. స్టాక్‌లో (ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనున్నదే ముందు తీసే జాబితా) పాప్‌కి ‘పైది తీసుకో’, పీక్‌కి ‘పైది చూడు’ అంటే చాలు. మరి గెట్‌ని ఏమనాలి? మీరేమంటారు?

— జిరాక్స్ తియ్యి అంటాం, అసలు కాగితం ఎక్కడికీ పోదు కదండీ. ‘తియ్యి’లో తప్పేముంది?

— మంచి ఉదాహరణండీ, నాకు తట్టలేదు. కానీ జిరాక్స్ మీద ఏం రాసినా అసలు కాగితం మారదు. లిస్టులో విద్యార్థి ఆబ్జెక్టులు (ఒక్కో విద్యార్థి పేరు, మార్కులు కలిపి ఉంచిన మూటలు) ఉన్నాయనుకోండి, గెట్ ఇచ్చేది నకలు కాదు, ఆ ఆబ్జెక్టు రిఫరెన్స్, అంటే దాన్ని చేరుకునే ఆనవాలు. దాంతో మార్కులు మారిస్తే, లిస్టు వైపు నుంచి చూసినా మారిన మార్కులే కనిపిస్తాయి.

— అయితే ఫోన్ నంబర్ తీసుకోవడం లాంటిదన్నమాట. నంబర్ ఎంతమంది తీసుకున్నా మనిషి ఒక్కడే, ఉన్నచోటే ఉంటాడు.

— అవునండీ, రిఫరెన్స్‌కి ఇంత దగ్గరి పోలిక నేనింతవరకు వినలేదు! మీ మాట చదివాక ఇంకోటి తోచింది. తిరకాసు ‘తియ్యి’లో కన్నా ‘లోంచి’లోనే ఎక్కువ ఉంది. ‘లోంచి’ అనగానే బయటికి రావడం గుర్తొస్తుంది, ‘లో’ అంటే అక్కడే ఉన్నట్టు. పైగా ఆబ్జెక్టుల పద్ధతిలో డబ్బాలో మనం చెయ్యి పెట్టం, లిస్టునే అడుగుతాం. అందుకని ఇవాళ మా పిల్లకి ఇలా చెప్పాను: “నీలో మూడోది ఏదని లిస్టుని అడుగు.” ఈసారి సైజ్ గురించి అడగలేదు.